గన్ ఖరీదు వేరు, గన్ నాణ్యత వేరు

పోయిన సంక్రాంతికి ముందు మా మేనల్లుడు ఆర్మీ నుంచి రిటైరై ఇంటికొచ్చాడు. నరసన్నపేట దగ్గర పల్లె వాళ్లది. చేతికి కొంత డబ్బు వచ్చింది, శ్లాబు వేయించాల్సిన ఇల్లుంది, ఇంటర్ చదివే కూతురుంది, ఇంతలో ఎవరో చెప్పారట, బ్యాంకులో గార్డుగా వెళ్తే సొంత గన్ ఉన్నవాడికి జీతం ఎక్కువ ఇస్తారని. ఫోన్ చేసి మొదటి మాటే, "మావయ్యా, ఏ గన్ మంచిదో సెప్పు, ఎంతైనా పర్లేదు, మంచిదే కొంటాను" అన్నాడు. "దేనికి మంచిది కావాలిరా?" అని అడిగాను. కాసేపు అవతలి నుంచి మాట లేదు.

నేను ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి వచ్చినవాణ్ణి. అంటే గన్ పేల్చిన దానికంటే విప్పి చూసింది ఎక్కువ. మా సిక్కోలు వైపు ఏ ఊరికెళ్లినా సైన్యంలో చేసి వచ్చినవాళ్లు కనబడతారు, విజయనగరం వైపూ అంతే, వాళ్లలో చాలామంది రిటైరయ్యాక ఇదే ప్రశ్నతో నా దగ్గరికి వస్తుంటారు. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటే. అందరూ ఖరీదు ఎక్కువైతే నాణ్యత ఎక్కువనే లెక్కతో వస్తారు. సెల్‌ఫోన్‌కో మోటారు బండికో ఆ లెక్క కొంతవరకు పనికొస్తుంది. మన దేశంలో గన్ విషయంలో మాత్రం అది బొత్తిగా పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలిస్తే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వాళ్లకే తెలుస్తుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే మనం ఏం కొనగలమో తేల్చేది షాపు కాదు, లైసెన్సు. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు, 2019లో జరిగిన సవరణ, ఈ మూడూ కలిపి మన గీత గీస్తాయి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం., .303 లాంటివి నిషేధిత బోర్ (బోర్ అంటే గన్ గొట్టం లోపలి రంధ్రం కొలత) కిందికి వస్తాయి, మామూలు మనిషికి అవి దొరకవు. మిగిలేవి ప్రధానంగా 12 బోర్ గన్నులు (నున్నటి గొట్టంలోంచి ఒకేసారి చాలా గుళ్లు చిమ్మేవి), .32 రివాల్వర్, .32 పిస్టల్, .315 రైఫిల్, .22, ఇలాంటివి. 2019 సవరణకి ముందు ఒక మనిషి 3 ఆయుధాల దాకా ఉంచుకోవచ్చు, ఇప్పుడు 2 మాత్రమే. తాత నుంచి వచ్చినవి కూడా ఆ రెండింట్లోనే లెక్క. లైసెన్సు గడువు మాత్రం 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకి పెరిగింది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చట్టంలో 13వ సెక్షన్ చూస్తే, 20 అంగుళాలకి తగ్గని బ్యారెల్ (గొట్టం) ఉన్న, లోపల గాడులు లేని నున్నటి గన్, అంటే 12 బోర్ లాంటిది, రక్షణకో క్రీడకో అడిగినా, పంట కాపలాకి మూతి వైపు నుంచి మందు కూరే గన్ అడిగినా, వాటిని ఒక తరగతిగా పెట్టి, వేరే అడ్డంకి లేకపోతే లైసెన్సు ఇవ్వాలని రాసి ఉంది. రివాల్వరో రైఫిలో అడిగితే మాత్రం "సరైన కారణం ఉంది" అని అధికారికి నమ్మకం కలగాలి. అంటే దరఖాస్తులో ఏ రకం గన్ అని రాస్తారో దాన్నిబట్టే మీ దారి సాఫీగా ఉంటుందో లేదో సగం తేలిపోతుంది. రివాల్వర్ కోసం కలెక్టరేట్ చుట్టూ నెలలకి నెలలు తిరిగి, మధ్యలో డ్యూటీ అవకాశం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అలా పోయిన నెలల జీతం కూడా ఆ గన్ ఖరీదులో కలపాలి, ఎవరూ కలపరు.

సరే, ఖరీదు దగ్గరికి వద్దాం. 1980ల మధ్య నుంచి మామూలు పౌరుడు విదేశీ ఆయుధం దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది. పేరున్న షూటర్లకి కొన్ని మినహాయింపులున్నాయి, మనకి లేవు. కాబట్టి అంతకుముందు దేశంలోకి వచ్చిన విదేశీ గన్నులే చేతులు మారుతూ తిరుగుతున్నాయి. కొత్తవి రావు, కావాలనేవాళ్లు తగ్గరు. దాంతో ఎప్పుడో మా తాతల కాలంలో తయారైన ఒక పాత ఇంగ్లిష్ రివాల్వరో జర్మన్ పిస్టలో ఇవాళ లక్షలు పలుకుతుంది. ఆ లక్షల్లో నాణ్యత వాటా చిన్నది, ఎక్కువ వాటా కొరతది. స్ప్రింగులు అలిసిపోయి, బ్యారెల్ లోపల గాడులు అరిగిపోయి, మార్చడానికి అసలు విడిభాగాలే దొరకని వస్తువుకి మనం లక్షలు పోస్తున్నాం అంటే, అది కేవలం దొరకదు కాబట్టి. అలాంటి పిస్టల్ విరిగితే లోకల్‌గా తయారుచేసిన భాగం వేస్తారు, వేసిన రోజు నుంచి అది ఆ పాత కంపెనీ పిస్టల్ కాదు.

దేశంలో తయారయ్యే వాటి కథ వేరు. మొన్నటి దాకా ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలే ప్రధానంగా చేసేవి. 2021 అక్టోబరు 1న వాటిని నడిపే బోర్డును 7 కంపెనీలుగా విడగొట్టాక, చిన్న ఆయుధాల పని కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. ఈ మధ్య ప్రైవేటు వాళ్లు కూడా వచ్చారు, ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో .32 రివాల్వర్లు తయారవుతున్నాయి. 2014లో ఆడవాళ్ల కోసమని నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చారు, గుర్తుందా? టైటానియం మిశ్రమ లోహం, అర కేజీ బరువు, ధర రూ. 1,22,360. పేపర్లలో బాగా వచ్చింది. ఒక ఉద్యోగినికి ఆ రోజుల్లో అది ఎన్ని నెలల జీతమో ఆలోచించండి. పైగా పన్ను ఉంది. జీఎస్టీ వచ్చినప్పుడు రివాల్వర్లనీ పిస్టళ్లనీ 28 శాతం శ్లాబులో పెట్టారు, 2025 సెప్టెంబరులో శ్లాబులు మార్చినప్పుడు వాటిని 40 శాతానికి తీసుకెళ్లారు. ఆ పన్ను వల్ల బ్యారెల్‌లో ఉక్కు ఏమీ మెరుగుపడదు.

ఇంత పోసి కొన్న .32 ఏం చేస్తుంది? .32 రివాల్వర్‌లో వాడే తూటా 1896 నాటి అమెరికన్ తూటా. చేతి ఆయుధాల తూటాల్లో బలహీనమైన వాటిలో ఇదొకటి. అది తక్కువైందని నేను అనడం లేదు, దగ్గర్నుంచి తగిలితే ప్రాణం తీస్తుంది, అందులో సందేహం లేదు. నేను చెప్పేది పొట్టి బ్యారెల్ గురించి. పొట్టి బ్యారెల్ చేతి ఆయుధంతో గురి కుదరడం చాలా కష్టం, సర్వీసులో ఉన్నప్పుడు ఏళ్ల తరబడి రైఫిల్ పేల్చినవాడు కూడా రివాల్వర్ పట్టుకుంటే పది గజాల్లో తడబడతాడు. సాధన కావాలి, సాధనకి తూటాలు కావాలి, తూటాలు ఖరీదు, పేల్చడానికి రేంజ్ (కాల్పులు సాధన చేసే చోటు) కావాలి, మన జిల్లాల్లో అది అందుబాటులో ఉన్నవాళ్లు ఎంతమంది? ఇంకో జాగ్రత్త, రివాల్వర్ .32 తూటా, పిస్టల్ .32 తూటా ఒకటి కావు. పేరులో ఒకే అంకె ఉంది కదా అని ఒకదానికి తెచ్చింది ఇంకోదాంట్లో వేయకూడదు. బీరువాలో బట్టల కింద పడి ఉండే రివాల్వర్ వల్ల ఇంటికి రక్షణ కంటే ప్రమాదమే ఎక్కువని నా గట్టి అభిప్రాయం. నిజంగా ప్రాణానికి ముప్పు ఉండి, మనిషి మీద ఎప్పుడూ ఉంచుకోవాల్సినవాడి సంగతి వేరు.

.315 రైఫిల్ గురించి ఎక్కువ చెప్పను. మంచి గట్టి రైఫిల్, మనదే. కానీ దాని గుండు కిలోమీటరు దాటి పోతుంది. కొబ్బరి తోటల మధ్య, జీడి తోటల మధ్య, ప్రతి రెండొందల గజాలకి ఒక ఇల్లున్న మన పల్లెల్లో అది ఎందుకు? బ్యాంకు హాల్లో అయితే అసలు వద్దు.

అందుకే తిరిగి తిరిగి 12 బోర్ డబుల్ బ్యారెల్ దగ్గరికే వస్తాం. బ్యాంకుల ముందు కుర్చీలో కూర్చునే గార్డు భుజాన మీరు చూసేది అదే. కొందరు దాన్ని పాతకాలపు సరుకు అంటారు, పంప్ యాక్షన్ (ముందు చెక్కని వెనక్కీ ముందుకీ లాగితే కొత్త తూటా ఎక్కే గన్) కొనమంటారు. నా మాట వేరు. డబుల్ బ్యారెల్‌ని మధ్యలో కీలు దగ్గర విరిచి తెరిస్తే రెండు రంధ్రాలూ కంటికి ఎదురుగా కనిపిస్తాయి, తూటా ఉందా లేదా అని రెండో ఆలోచన అక్కర్లేదు. జనం మధ్య రోజుకి ఎనిమిది గంటలు కూర్చునేవాడికి ఇంతకంటే పెద్ద గుణం ఇంకేం కావాలి? పంప్ గన్‌లో తూటాలు కింద గొట్టంలో ఉంటాయి, కొన్నిసార్లు ఒకటి పేలేచోట, అంటే ఛాంబర్‌లో మిగిలిపోతుంది, ఖాళీ అనుకుని ట్రిగ్గర్ నొక్కిన మనిషిని నేను కళ్లారా చూశాను. అదృష్టం బాగుండి అప్పుడు మూతి నేల వైపు ఉంది.

ఇప్పుడు అసలు విషయం, డబుల్ బ్యారెల్‌లో నాణ్యత అంటే ఏంటి. నేను దాన్ని రెండుగా చూస్తాను. ఒకటి మన ప్రాణానికి సంబంధించిన నాణ్యత. రెండోది కంటికి ఆనే నాణ్యత, అంటే చెక్కుడు పని, వాల్‌నట్ కర్ర, మెరిసే నలుపు పూత, కంపెనీ పేరు. అమ్మేవాడు ఎప్పుడూ రెండోదే చూపిస్తాడు. మీరు డబ్బు పెట్టాల్సింది మొదటి దానికే, అందులో పైసా కూడా బేరం ఆడకండి. రెండోదానికి పైసా కూడా ఎక్కువ ఇవ్వకండి.

మొదటి రకం నాణ్యతని ఇంట్లోనే పది నిమిషాల్లో చాలావరకు పసిగట్టొచ్చు. ముందు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. తర్వాత బ్యారెళ్ల కింద ఉండే చెక్క భాగం తీసేసి, గన్ మూసి, ఒక చేత్తో బ్యారెళ్లు, ఇంకో చేత్తో బట్ (భుజానికి ఆనించే కర్ర) మెడ పట్టుకుని అటూఇటూ కదపండి. కీలు దగ్గర కొంచెం కూడా ఆట ఉండకూడదు. వెలుతురుకి ఎదురుగా పెట్టి బ్యారెళ్ల వెనక అంచుకీ దాన్ని మూసే ఉక్కు ముఖానికీ మధ్య చూడండి, వెలుగు గీత కనబడితే ఆ గన్ బాగా అరిగిపోయింది. పేలిన ప్రతిసారీ ఆ సందు పెరుగుతుంది, పెరిగిన సందులోంచి వేడి గ్యాసు వెనక్కి తంతుంది, అక్కడ ఉండేది మీ ముఖం.

బ్యారెళ్లని విడిగా తీసి కిటికీ వైపు తిప్పి లోపలికి చూడండి. నున్నటి గొట్టంలో వెలుగు నీడలు ఉంగరాల్లా వరసగా, సమంగా కనబడతాయి. ఎక్కడైనా ఆ ఉంగరం వంకర తిరిగినా, మధ్యలో ఒక నల్ల వలయంలా తేలినా, అక్కడ సొట్టో ఉబ్బో ఉంది. ఉబ్బు ఉన్న బ్యారెల్ ఎప్పుడో ఏదో అడ్డుపడి పేలింది, అది మళ్లీ ఎప్పుడు చీలుతుందో ఎవరూ చెప్పలేరు. చిన్న చిన్న తుప్పు గుంటలు పాత గన్నుల్లో మామూలే, మూతి వైపు ఉంటే అంత భయం లేదు, తూటా కూర్చునే ఛాంబర్ దగ్గర ఉంటే మాత్రం వద్దనుకోండి. ఆ తర్వాత బ్యారెళ్లని కొక్కెంలాంటి దానికి వేలాడదీసి వేలి కణుపుతో తట్టండి. గంటలా మోగితే రెండు బ్యారెళ్లనీ కలిపే అతుకు గట్టిగా ఉంది. మొద్దుగా డబ్‌డబ్‌మంటే అతుకు ఎక్కడో వదిలింది, లోపల నీరు దూరి తుప్పు పడుతోంది. ఈ గంట పరీక్ష నాకు మా ఉస్తాద్ నేర్పాడు, ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు.

సేఫ్టీ బటన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ తరహా గన్నుల్లో ఎక్కువ వాటికి సేఫ్టీ ట్రిగ్గర్లని మాత్రమే ఆపుతుంది, లోపలి హ్యామర్లని ఆపదు. గన్ కింద పడితే, హ్యామర్‌ని పట్టి ఉంచే లోపలి మెట్టు అరిగి ఉంటే, సేఫ్టీ వేసి ఉన్నా పేలొచ్చు. కాబట్టి ట్రిగ్గర్ మరీ మెత్తగా ఉంటే "భలే స్మూత్‌గా ఉంది" అని సంబరపడకండి, అది అరుగుదల. మంచి ట్రిగ్గర్ దాదాపు రెండు కేజీల బలం అడుగుతుంది. ఉత్తుత్తిగా పేల్చి చూడాలంటే డమ్మీ తూటాలు పెట్టి చూడండి, ఒట్టి ఛాంబర్ మీద నొక్కితే తూటా అడుగున కొట్టే స్ట్రైకర్ పిన్నులు విరుగుతాయి.

చివరిగా నంబర్లు. బ్యారెల్ మీద, యాక్షన్ (బ్యారెళ్లు వెనక కూర్చునే ఉక్కు భాగం) మీద, ముందు చెక్క మీది ఇనుప ముక్క మీద, లైసెన్సు పుస్తకంలో, అన్నిచోట్లా ఒకే నంబరు ఉండాలి. నలుపు పూత కొత్తగా వేయించి ఉంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది, గుంటల్ని కప్పడానికో, నంబరు అరగదీశాక మళ్లీ మెరిపించడానికో అనిపిస్తుంది. అన్నిసార్లూ అలా కాదు, కానీ అడగాలి.

ఇప్పుడు పాత ఇంగ్లిష్ గన్నుల సంగతి. మన వైపు జమీందారీల కాలం నాటి గన్నులు ఇంకా ఇళ్లల్లో ఉన్నాయి. బొబ్బిలి వైపు నాకు తెలిసిన ఒకాయన తాతగారి గన్ తెచ్చి చూపించాడు. చూస్తే కళ్లు తిప్పుకోలేం. బ్యారెళ్ల మీద పాము చర్మంలా మెలికల మెలికల గీతలు, పక్క రేకుల మీద ఆకులూ పిట్టలూ చెక్కి ఉన్నాయి. కొనడానికి ఒకరు సిద్ధంగా ఉన్నారు, పెద్ద మొత్తమే. నేను కొనేవాడి తరఫున చూశాను, కొనొద్దన్నాను. ఎందుకంటే ఆ మెలికల గీతలున్న బ్యారెళ్లు ఇనుమూ ఉక్కూ పట్టీల్ని కలిపి మెలితిప్పి చుట్టి చేసినవి, పాత నల్ల తుపాకి మందు కాలానికి సరిపోయేవి. ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందు ఒత్తిడికి వాటిని నమ్మకూడదు. బ్యారెళ్ల అడుగున, గన్ విప్పితే కనబడే చదునైన చోట పరీక్ష ముద్రలుంటాయి. మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసి, తట్టుకున్నాకే ఆ ముద్ర కొడతారు. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి అందుకోసమే ఒక ప్రూఫ్ హౌస్ ఉంది. నైట్రో మందుకి, అంటే ఈ పొగరాని మందుకి, పరీక్షించినట్టు ముద్ర లేని గన్‌ని గోడకి అందంగా పెట్టుకోవడానికి తప్ప పేల్చడానికి కొనకూడదు. గోడకి పెట్టుకున్నా దానికి లైసెన్సు కావాలి, రెండు ఆయుధాల్లో ఒక స్థానం అదే తినేస్తుంది.

దానికంటే మోసకారి ప్రమాదం ఛాంబర్ పొడవు. పాత గన్నుల ఛాంబర్ 65 మి.మీ., కొత్తవాటిది 70 మి.మీ. తూటా పెట్టె మీద రాసే పొడవు పేలిన తర్వాతి పొడవు, అంటే మూతి మడత విచ్చుకున్నాక ఉండేది. అందుకే పేలని 70 మి.మీ. తూటా 65 మి.మీ. ఛాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది, గన్ మామూలుగానే మూసుకుంటుంది, ఏ అనుమానమూ రాదు. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక బ్యారెల్ సన్నబడే మెడలోకి పోయి ఇరుకు చేస్తుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గన్ పాతది, ఉక్కు అలిసినది, ఆ పైన ఇది. మన దగ్గర ఎక్కువగా దొరికే శక్తిమాన్ తూటాల్లో రెండు పొడవులూ ఉన్నాయి. కాబట్టి గన్ మీది అంకె చూసి, పెట్టె మీది అంకె చూసి, రెండూ కలిశాకే కొనండి. "అందరూ వాడుతున్నారు, ఏం కాదు" అనే మాట తూటాల విషయంలో వినకండి.

కొత్త గన్ కొంటే ఈ గొడవలు లేవా అంటే, కొన్ని ఉండవు, కొన్ని ఉంటాయి. జమ్మూలోనూ బీహార్‌లోని ముంగేర్‌లోనూ లైసెన్సు ఉన్న ప్రైవేటు తయారీదారులు తరతరాలుగా 12 బోర్ గన్నులు చేస్తున్నారు. వాటిలో చాలా మంచివి చూశాను, మూసినప్పుడు తలుపు గొళ్లెం సరిగ్గా పడినట్టు ఠక్కున కూర్చునేవి. అదే పేరుతో వచ్చిన ఇంకో గన్‌లో కుడి, ఎడమ బ్యారెళ్లు వేర్వేరు చోట గుళ్లు కొట్టడం కూడా చూశాను. చేతిపని ఎక్కువ ఉన్నచోట గన్‌కీ గన్‌కీ తేడా ఉంటుంది. కాబట్టి కంపెనీ పేరు కాదు, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క గన్‌ని చూడండి. డీలర్ దగ్గర రెండు మూడు ఉంటే అన్నీ తెరిపించి, మూయించి, పైన చెప్పినట్టు చూసి, అందులో బాగున్నది తీసుకోండి. మొహమాటపడకండి.

కొన్నాక అయ్యే ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరు, అసలు విలువ తేలేది అక్కడే. మనది సముద్రపు గాలి. భావనపాడు, కళింగపట్నం, భోగాపురం వైపు ఉన్నవాళ్లకి ఇంట్లో తాళాలే తుప్పు పడతాయి, గన్ ఎంత? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక, రోజుల తరబడి కరెంటు లేక, ఇళ్లు తడిసి, ఆ తర్వాత నెలలో నా దగ్గరికి వచ్చిన గన్నులు చూస్తే బాధేసింది. అన్నిటికంటే పాడైనవి తోలు సంచుల్లో పెట్టినవి. తోలు చెమ్మ పీల్చి పట్టి ఉంచుతుంది. గన్‌ని ఖరీదైన తోలు కేసులో పెట్టి జాగ్రత్త చేశామనుకుంటారు, అది లోపల నెమ్మదిగా తినేస్తుంది. గుడ్డతో తుడిచి, పల్చగా గన్ ఆయిల్ రాసి, గాలి ఆడే చోట, తాళం వేసిన ఇనుప పెట్టెలో నిలబెట్టండి. కొబ్బరి నూనె వద్దు, అది జిగురై స్ప్రింగుల్లో గడ్డకడుతుంది. నిజంగా కొబ్బరి నూనె రాసి తెచ్చినవాళ్లున్నారు, తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పలేదు. తూటాలు వేరే చోట, వేరే తాళంలో, చెమ్మ తగలకుండా ఉండాలి. పాత కాగితపు తూటాలు ఉబ్బి ఛాంబర్‌లో ఇరుక్కుంటాయి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గన్ వెంటనే తెరవకండి, మూతి ఎవరూ లేని వైపు పెట్టి అర నిమిషం ఆగండి.

ఎన్నికలొస్తే గన్ స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తుంది. బ్యాంకు డ్యూటీలో ఉన్నవాళ్లు మినహాయింపు అడగొచ్చు, దానికి బ్యాంకు నుంచి ఉత్తరం ముందే తెచ్చుకోవాలి. అప్పగించే ముందు బాగా నూనె పట్టించి, నంబరూ పరిస్థితీ రాసిన రసీదు తీసుకోండి. నాకు తెలిసిన ఒకతను మంచి గన్ అప్పగించి, నెలల తర్వాత గోడ చెమ్మకి తుప్పెక్కిన గన్ ఇంటికి తెచ్చుకున్నాడు. గన్ ఎంత ఖరీదైతే ఆ తుప్పు అంత బాధ.

పంట కాపలా సంగతి వేరే వ్యాసం అవుతుంది, అయినా రెండు ముక్కలు చెప్పక తప్పదు. ఉద్దానంలో ఎలుగుబంట్ల భయంతో జీడి తోటకి వెళ్లలేని రైతులు, కురుపాం, సీతంపేట వైపు ఏనుగుల గుంపుతో నష్టపోయిన రైతులు, "పెద్ద గన్ ఏది కొనాలి?" అని అడుగుతారు. వాళ్ల బాధ నిజం, ప్రాణాలు పోయాయి కూడా. కానీ ఎలుగుబంటీ ఏనుగూ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, వాటి మీద గన్ పేలిస్తే రైతు జైలుకెళ్తాడు. పైగా 12 బోర్ గుళ్లతో ఎలుగుని గాయపరిస్తే అది పారిపోదు, మీద పడుతుంది. గన్ కొనే డబ్బు లైట్లకీ కంచెకీ నలుగురు కలిసి కాపలాకి వెళ్లడానికీ పెట్టడం వల్ల ఎక్కువ లాభం. ఇక నాటు తుపాకీ. తక్కువలో వస్తుంది కదా అని లైసెన్సు లేనిది కొన్నవాళ్ల వేళ్లు పోవడం నేను చూశాను. అతుకు పైపుని బ్యారెల్ చేస్తే దానికి ఏ పరీక్షా ఉండదు, మందు ఎంత కూరాలో కొలతా ఉండదు. దాన్ని చవక అనడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే చేతులూ కళ్లూ ఆ లెక్కలో లేవు.

మా మేనల్లుడి విషయానికొస్తే, మొదట వాడు ఒక రివాల్వర్‌కి మనసు పెట్టుకుని వచ్చాడు. పక్కన కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేశాం. బ్యాంకు వాళ్లకి కావాల్సింది ఏంటో ముందు గార్డుల్ని పంపే ఏజెన్సీని అడగమన్నాను, రాసి ఇవ్వమన్నాను. లైసెన్సు పుస్తకంలో అది ఎక్కడ చెల్లుతుందో, ఉద్యోగానికి వాడొచ్చో లేదో కలెక్టరేట్‌లో తేల్చుకుని రమ్మన్నాను. వాళ్లకి కావాల్సింది 12 బోరే అని తేలింది. తర్వాత నాలుగు సెకండ్‌హ్యాండ్ గన్నులు చూశాం. మొదటిది పేరున్న పాత ఇంగ్లిష్ గన్, ఛాంబర్ 65, ముద్ర అనుమానంగా ఉంది, వదిలేశాం. రెండోదానికి ఎడమ బ్యారెల్‌లో ఉబ్బు. మూడోది కొత్తగా నలుపు పూత వేయించినది, అమ్మేవాడు ఎందుకు వేయించాడో చెప్పలేకపోయాడు. నాలుగోది మన దేశంలో చేసినదే, బట్ మీద గీతలు పడి, చూడటానికి అంత బాగాలేదు, మా అక్క అయితే "ఇదేటిరా, గోనె సంచిలోంచి తీసినట్టుంది" అంది. కానీ కీలు దగ్గర ఆట లేదు, బ్యారెళ్లు గంటలా మోగాయి, ట్రిగ్గర్లు బిగువుగా ఉన్నాయి, ముద్రలూ నంబర్లూ కలిశాయి, 70 మి.మీ. ఛాంబర్. పద్ధతి ప్రకారం బదిలీ కాగితాలు పెట్టి అదే తీసుకున్నాం.

రివాల్వర్‌కి అనుకున్న డబ్బులో సగానికి పైగా మిగిలింది. అందులోంచి గోడకి బోల్టులు బిగించే ఇనుప పెట్టె ఒకటి, తూటాలకి చిన్న పెట్టె ఇంకొకటి, గన్ ఆయిల్, శుభ్రం చేసే కడ్డీ, బ్రష్షులు, రెండు డమ్మీ తూటాలు కొన్నాం. పెట్టె తాళం చెవి ఎక్కడుంటుందో వాడికీ వాడి భార్యకీ తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. మిగిలింది శ్లాబుకి పోయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం డ్యూటీ దిగి వచ్చాక గన్ విప్పి, గుడ్డ వేసి తుడిచి, ఒక్కోసారి నాకు వీడియో కాల్ చేసి బ్యారెల్ లోపల వెలుగు ఉంగరాలు చూపిస్తాడు. "సమంగా ఉన్నాయా మావయ్యా?" అంటాడు. ఉన్నాయని చెప్తే పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు.